పసుల కాపరి, గిటారు పిల్లగాడు

1958లో షికాగోలోని చెస్ రికార్డ్స్ కోసం నల్లజాతి రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ ఒక పిల్లాడి మీద పాట పాడారు. లూసియానా అడవుల్లో చెక్క గుడిసెలో ఉంటాడు ఆ పిల్లాడు. చదువు అంతంతమాత్రం, గిటారు పట్టుకుంటే మాత్రం తిరుగులేదు. పాట పేరు ‘జానీ బి. గుడ్’. మొదట రాసుకున్నప్పుడు అతణ్ని నల్లపిల్లాడనే రాసుకున్నానని, అలా ఉంచితే రేడియోలు వెయ్యవని తెలిసి పల్లెటూరి పిల్లాడని మార్చానని బెర్రీయే తర్వాత చెప్పారు. రంగు విడిచిపెడితే తప్ప ఆ పిల్లాడికి ఊరు దాటే దారి లేకపోయింది. దాటాక మాత్రం చాలా దూరం పోయాడు. 1977లో అమెరికా పంపిన వాయేజర్ అంతరిక్ష నౌకల్లో, భూమి తరఫున పెట్టిన బంగారు పూత రికార్డులో, కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవితో పాటు ఈ పాట కూడా ఉంది.

బెర్రీ పాటకు పదేళ్ల పైచిలుకు ముందే నల్లగొండ జిల్లాలో ఒక మనిషి మరో పల్లెటూరి పిల్లాడి మీద పాట కట్టారు. ఆ పిల్లాడి చేతిలో ఉన్నది పసుల కర్ర. పాలబుగ్గల వయసులోనే జీతం కుదిరినవాడు. అప్పుకు బదులు తండ్రి కొడుకును దొర ఇంట జీతానికి పెట్టడం అప్పట్లో ఊరూరా ఉండేది. పెద్దయ్యాక ఆ పిల్లాడు తన కొడుకునూ అదే కొట్టానికి పంపే రోజు వచ్చేది. వడ్డీ తీరేది కాదు, అసలు మాట ఎత్తే పనే లేదు. ‘పల్లెటూరి పిల్లగాడ’ అనే ఆ పాట కట్టింది సుద్దాల హనుమంతు. తన పిల్లాడి గురించి ఆయన ఏదీ దాచలేదు. రేడియో ఆ పాట వేస్తుందా లేదా అన్న లెక్క ఆయనకు అక్కర్లేదు. ఆ పాట వినాల్సినవాళ్ల ఇళ్లలో రేడియోనే లేదు.

హనుమంతు పుట్టింది మోత్కూరు దగ్గర పాలడుగులో, చేనేత కుటుంబంలో. స్థిరపడింది గుండాల మండలం సుద్దాలలో. ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఆర్యసమాజం గాలి సోకి, ఆంధ్ర మహాసభలోకి వచ్చి, అక్కణ్నుంచి సంఘం పాటగాడయ్యారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన మహాసభ తర్వాత నల్లగొండ పల్లెల్లో సంఘం అంటే మహాసభే, చీటీ అంటే సంఘం సభ్యత్వమే. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు. అటుపైన పాట పాడటం కూడా తెలంగాణ సాయుధ పోరాటంలో పనే అయింది. హనుమంతు సహచరి జానకమ్మ కూడా ఆ ఉద్యమంలో నడిచిన మనిషే.

ఆయన చేసిన పనిని దగ్గరగా చూడాలి. నేత ఇంట పుట్టిన ఆ మనిషి పాత మగ్గం మీదే కొత్త నూలు ఎక్కించారు. ఆ మగ్గం గొల్లసుద్దులు అనే జానపద కళ. వాటిని చెప్పేవాళ్లు భుజాన గొంగడి, చేతిలో కర్ర పెట్టుకుని వస్తారు. ఒకరు కథ నడిపిస్తే పక్కవాళ్లు వంత పాడతారు. మధ్యలో అడ్డం తగులుతారు, తెలియనట్టు అడుగుతారు, కూర్చున్నవాళ్లను నవ్విస్తారు. ఆ అడ్డం తగిలే చోటే హనుమంతుకు పనికొచ్చింది. ‘అదేందన్నా?’ అని వంతగాడు అడిగితే చాలు, వెట్టి గురించీ, నాగుల వడ్డీ గురించీ, గడీలో జరిగే దండుగల గురించీ చెప్పడానికి తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా కూర్చున్న రైతుకు తన మనసులోని ప్రశ్నే వంతగాడి నోట వినపడుతుంది. బుర్రకథకు తంబురా కావాలి, డక్కీ కావాలి. రజాకార్లు వస్తున్నారని కబురొస్తే వాటిని దాచేదెక్కడ? గొంగడీ కర్రా ఉన్న మనిషి మాత్రం గొర్ల కాడికి పోయే మనిషిలాగే ఉంటాడు.

పాటల కట్టుబడిలోనూ ఇదే తెలివి ఉంది. కాగితం దొరికితే ప్రాణం మీదికొచ్చే కాలంలో పాట తలలోనే ప్రయాణం చేయాలి. అందుకే చరణం ఒక్క ఊపిరిలో సరిపోవాలి, ఒకసారి విన్నవాడు రెండోసారికి వంత కలపగలగాలి, మరునాడు పక్క ఊళ్లో తానే పాడగలగాలి. ‘పల్లెటూరి పిల్లగాడ’ ఉపన్యాసం చెప్పదు. ఆ పిల్లాణ్ని ఎదురుగా నిలబెట్టుకుని, ఇంట్లో పెద్దమనిషి పలకరించినంత ప్రేమగా ప్రశ్నలు అడుగుతుంది. జవాబు చెప్పాల్సింది పిల్లాడు కాదని వింటున్న పెద్దవాళ్లకు అర్థమవుతుంది. నినాదం పది రోజులకు పాతబడుతుంది. ఇలా పలకరించే పాట, పసులు కాసే పిల్లలు కనపడని కాలంలో కూడా వినేవాళ్ల గొంతుకు అడ్డం పడుతూనే ఉంది.

ఏ పాటా శూన్యంలోంచి పుట్టదని చక్ బెర్రీకి కూడా తెలుసు. ఆయన మొదటి హిట్ ‘మేబెలిన్’ 1955లో వచ్చింది. దాని వెనక ‘ఐడా రెడ్’ అనే పాత పల్లె ఫిడేలు పాట ఉంది. ‘జానీ బి. గుడ్’ మొదట్లో మోగే ఆ పేరుమోసిన గిటారు బిట్టు 1946లో లూయీ జోర్డాన్ పాటలో కార్ల్ హోగన్ వాయించినదే, దాదాపు స్వరానికి స్వరం. ఆ తర్వాత వంతు వేరేవాళ్లది. 1963లో రోలింగ్ స్టోన్స్ మొదటి రికార్డుకు బెర్రీ పాటనే ఎంచుకున్నారు. అదే ఏడు బీటిల్స్ ఆయన ‘రోల్ ఓవర్ బీతోవెన్’ పాడారు. బీచ్ బాయ్స్ ఆయన వరస మీదే ‘సర్ఫిన్ యు.ఎస్.ఎ.’ కట్టుకున్నారు. మూడూ ఒకే సంవత్సరంలో! ఒక సంగీతకారుడి వారసత్వం అంటే ఆయన వదిలిపోయిన పాటల సంఖ్య ఒక్కటే అనుకుంటే ఇదంతా లెక్కలోకి రాదు. ఇంకొకరు వచ్చి కూర్చుని తమ మాటలు పాడుకోవడానికి ఆయన పాటలో చోటు ఎంతుందన్నదే అసలు కొలత.

ఆ కొలతతో చూస్తే హనుమంతు చాలా పెద్ద మనిషి. 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాణంలో తీసిన ‘మా భూమి’లో ‘పల్లెటూరి పిల్లగాడ’ను సంధ్య పాడారు. పోరాటం చూడని తరం ఆ పాటను సినిమా హాల్లో నేర్చుకుంది. అప్పటికి హనుమంతు బతికే ఉన్నారు, 1982లో కన్నుమూశారు. అదే సినిమాలో గద్దర్ తెర మీదికొచ్చి ‘బండెనక బండి కట్టి’ పాడారు. అది రాసింది సాయుధ పోరాటంలోని మరో పాటగాడు, బండి యాదగిరి. ఈ రోజుకీ ఎంతోమంది దాన్ని గద్దర్ పాట అనే అనుకుంటారు. గద్దర్ గొంతు అంత బలమైనది, అందులో ఆయన తప్పేమీ లేదు. యాదగిరి పేరు మాత్రం ఆ గొంతు నీడలో ఉండిపోయింది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ పాటలను చాలాచోట్ల ‘తెలంగాణ జానపదం’ అని పరిచయం చేస్తారు. పాట రచయిత పేరు కూడా మరిచిపోయేంతగా జనంలో కలిసిపోవడమే గొప్ప కీర్తి అని ఒక వాదన ఉంది. వినడానికి బాగుంటుంది. హనుమంతు వంటి మనిషి దాన్ని ఒప్పుకునేవారేమో కూడా, తన కోసం పాట రాసుకున్న మనిషి కాదు గనక. అయినా ఈ కీర్తి ఎవరికి దక్కుతోందో ఒకసారి చూడాలి. గురజాడ ‘దేశభక్తి’ గేయాన్ని వందేళ్లకు పైగా బడిపిల్లలు పాడుతూనే ఉన్నారు. అందులోనూ తేలిక మాటలే, నలుగురూ కలిసి పాడుకునే నడకే. దాన్ని ఎవరూ జానపదం అనలేదు. శ్రీశ్రీ పంక్తులు గోడల మీదికీ, లారీల వెనకకీ ఎక్కాయి. అవీ జానపదం కాలేదు. పల్లె నోటి మాటతో, గొల్లసుద్దుల వరసలో రాసినవాళ్ల పేర్లే ఎందుకు జారిపోతాయి? చదువుకున్న భాషలో రాసినవాడు కవి, ఇంటి భాషలో రాసినవాడు జనంలో ఒకడు అన్న పాత లెక్క ఇంకా మనలోంచి పోలేదు. దాన్ని కీర్తి అని పిలవడం న్యాయం కాదు.

అమెరికాలోనూ పేర్లు ఇలాగే చెరిగాయి. నల్లవాళ్ల రికార్డులకు అక్కడ చాలాకాలం వేరే అర పెట్టారు, ‘రేస్ రికార్డ్స్’ అన్నారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ మాట తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది. పేరు మారింది, అర అలాగే ఉంది. బిగ్ మామా థార్న్‌టన్ 1952లో పాడిన ‘హౌండ్ డాగ్’ 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాక ప్రపంచానికి ఎల్విస్ పాట అయింది. ‘మేబెలిన్’ రచయితల్లో చక్ బెర్రీ పక్కన మరో ఇద్దరి పేర్లు చేరాయి. వాళ్లలో ఒకరు రేడియోలో ఆ పాటను మోగించిన అలన్ ఫ్రీడ్. పాట రాయనివాళ్లకు రాబడిలో వాటా వెళ్లింది. ఆ పేర్లు తొలగి పాట పూర్తిగా బెర్రీ పేరు మీదికి రావడానికి 1986 దాకా పట్టింది. ఆ ఏడే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి జట్టులో ఆయన్ని చేర్చుకున్నారు. 2017లో తొంభై ఏళ్ల వయసులో పోయేనాటికి తన పాట తనదేనని నలుగురూ ఒప్పుకోవడం ఆయన చూశారు.

పాలమూరు వైపు వెళితే ఇదే సంగతి తిరగబడి కనిపిస్తుంది. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. ఎండిన సొరకాయ బుర్రలూ, వెదురు బొంగూ, తీగలూ కలిసిన వాద్యం అది. డక్కలి వాళ్లు తరాలుగా మోసుకొచ్చింది. ఆయన పాడే కథల్లో పండుగ సాయన్న కథ ఒకటి. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టాడని పాలమూరు నేటికీ చెప్పుకునే మనిషి ఆ సాయన్న. ఆ కథాగానం ఫలానావాళ్లు కట్టారని చెప్పలేం. ఎందరో కలిపారు, ఎందరో తీసేశారు. నిజంగా జానపదం అంటే అదీ. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతూ కిన్నెరా మోగాక ఊరూరికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. కట్టినవాళ్ల పేర్లు లేని పాటలు పాడి ఆయన పేరు తెచ్చుకున్నారు. హనుమంతు, యాదగిరి మాత్రం తమవే అయిన పాటలు కట్టి పేరు పోగొట్టుకున్నారు. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి ‘జానపదం’ అంటే రెండింటికీ అన్యాయమే. కిన్నెర వెనక తరాల శ్రమ ఉంది, పిల్లగాడి పాట వెనక ఒక కాలంలో ఒక ఊళ్లో ప్రాణానికి తెగించిన ఒక్క మనిషి ఉన్నాడు.

పాలమూరుదే ఇంకో గొంతు గోరటి వెంకన్న. గౌరారంలో పుట్టారు. 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చిన ఆయన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ హనుమంతు పాట తర్వాతి అధ్యాయంలా ఉంటుంది. హనుమంతు కాలంలో ఏడిపించేవాడు కనపడేవాడు. గడీ ఉంది, దొర ఉన్నాడు, అతని చేతిలో కొరడా ఉంది. వెంకన్న కాలానికి గడీ కూలింది. కుమ్మరి, సాలె, వడ్రంగి పనులు పోయాయి, పాలమూరు కూలీలు బస్సులెక్కి బొంబాయికీ, పూనాకూ పోయారు. ఎవరి మీద కర్ర ఎత్తాలో తెలియదు. అందుకే వెంకన్న పాటలో పిల్లాడికి బదులు ఊరే ఏడుస్తుంది. వెంకన్న పేరు మాత్రం పాట నుంచి జారలేదు. రికార్డింగూ, పుస్తకాలూ, 2021లో ‘వల్లంకి తాళం’కు వచ్చిన సాహిత్య అకాడమీ అవార్డూ దాన్ని పట్టి నిలిపాయి. హనుమంతు రోజుల్లో ఇవేవీ లేవు.

హనుమంతు ఇంట్లోనే పాట ఇంకో దారి పట్టింది. కొడుకు సుద్దాల అశోక్‌తేజ 2003లో ‘ఠాగూర్’ సినిమాకు రాసిన ‘నేను సైతం’ జాతీయ అవార్డు తెచ్చింది. శ్రీశ్రీ మాటతో మొదలై తన మాటతో సాగిన పాట అది. ఆ తర్వాత ‘ఆర్ఆర్ఆర్’లో కొరడా దెబ్బలు తింటూ భీముడు పాడే పాట కూడా ఆయన రాసిందే. ఆ సినిమాతో కొడుకు మాటలు వేరే దేశాల ప్రేక్షకుల దాకా వెళ్లాయి.

‘మేబెలిన్’ మీద చక్ బెర్రీ హక్కు కాగితాల మీదా, డబ్బు లెక్కల్లోనూ తేలాల్సిన విషయం. హనుమంతు పాటను ఎవరూ దొంగిలించలేదు, పాట మీద ఆయన డబ్బు అడగనూ లేదు. అందుకే ఆయన పేరు తిరిగి ఇప్పించే కోర్టు లేదు. అది చెయ్యగలిగింది పాడేవాళ్లే. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ పాటల సభ ధూంధాం నుంచి ఇప్పటి ఫోన్ వీడియోల దాకా ఈ పాట వందల గొంతుల్లో మోగింది. కొందరు మైకు అందుకోగానే ‘ఇది సుద్దాల హనుమంతన్న కట్టిన పాట’ అని చెప్పి, అప్పుడు డప్పు వైపు చూసి ఎత్తుకుంటారు. వీడియోల కింద ‘జానపదం’ అని రాసేవాళ్లు ఆ చోట్లో సుద్దాల హనుమంతు అని రాయాలి. ‘బండెనక బండి కట్టి’ కింద బండి యాదగిరి అని రాయాలి. బడి పిల్లల చేత హనుమంతు పాట పాడించే టీచర్లు బోర్డు మీద పాట కన్నా ముందు ఆ ఊరి పేరు, సుద్దాల, రాయొచ్చు.