ఖాళీగా కనిపించే కొండ

చలికాలం వచ్చిందంటే వంజంగి కొండ మీద తెల్లవారకముందే ట్రైపాడ్‌లు నిలబడతాయి. వలిస పూసే రోజుల్లో అరకు దారి పొడవునా అదే సందడి. వచ్చేవాళ్లలో చాలామందికి ఫొటోగ్రఫీ బతుకుతెరువు కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టం కొద్దీ నేర్చుకుంటున్నవాళ్లు. ఇప్పుడు వాళ్ల పక్కన మన పిల్లలు కూడా ఫోన్లు పట్టుకుని నిలబడుతున్నారు. ఇది సంతోషించాల్సిన విషయమే. అయితే కెమెరాతోపాటు ఒక ప్రశ్న కూడా నేర్చుకోవాలి. అందం కోసం ఫొటోలోంచి దేన్ని తీసెయ్యవచ్చు? దేన్ని తీసెయ్యకూడదు?

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. ఉన్నది మొత్తం ఉన్నట్టుగా చూపే ఫొటో అంటూ లేదు. షట్టరు కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే గెడ్డలో నీళ్లు పొగలా కనిపిస్తాయి. టెలిఫొటో లెన్సు దూరపు కొండల్ని ఒకదాని వెనక ఒకటి దగ్గరగా పేర్చి చూపిస్తుంది. తెల్లని మంచును కెమెరా తనంతట తాను కొలిస్తే బూడిదరంగుకు దించేస్తుంది. మనమే ఎక్స్‌పోజరు కాస్త పెంచితే మళ్లీ కంటికి కనిపించిన తెలుపు వస్తుంది. కాబట్టి మార్చడమంతా అబద్ధం కాదు. కొన్నిసార్లు నిజానికి దగ్గరయ్యేది మార్చడం వల్లే.

చిక్కు వేరేచోట ఉంది. ఎడిటింగ్ యాప్‌లలో ‘హీలింగ్’ అనే పనిముట్టు ఉంటుంది. గాయం మాన్పడం అని ఆ మాటకు అర్థం. దానితో వేలు పెట్టి రుద్దితే కరెంటు తీగ పోతుంది, రేకుల ఇల్లు పోతుంది, చేలో కాపలా పాక పోతుంది. అవన్నీ చూపును చెదరగొట్టేవని ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతాయి. కానీ ఆ తీగ కోసం ఆ ఊరివాళ్లు ఎన్నిసార్లు కొండ దిగి అర్జీలు పెట్టుకున్నారో! వాళ్లకది గాయమా?

ప్రకృతి దృశ్యాల ఫొటోలకు ప్రపంచమంతా పేరు చెప్పుకునే అమెరికన్ ఆన్సెల్ ఆడమ్స్ 1944లో లోన్ పైన్ అనే చిన్న పట్నం దగ్గర సియెర్రా నెవాడా కొండల మీద సూర్యోదయాన్ని తీశాడు. ఆ ఊరి హైస్కూలు పిల్లలు ఒక గుట్ట మీద రాళ్లకు సున్నం కొట్టి తమ ఊరి పేరులోని రెండు పెద్ద అక్షరాలు రాసుకున్నారు. ఆడమ్స్ వాటిని ఫొటోలోంచి చెరిపేశాడు. ఆ సంగతి తర్వాత తానే దాచకుండా రాశాడు. ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. అదే దేశంలో యోసెమిటీ లోయ కథ చిన్నది కాదు. 1851లో సాయుధ దళం వచ్చి అక్కడి అహ్వానీచీ ఆదివాసుల్ని తరిమింది. పదేళ్ల తర్వాత, 1861లో, కార్ల్‌టన్ వాట్కిన్స్ పెద్ద కెమెరాతో ఆ లోయను తీశాడు. ఆ ఫొటోల్లో కనిపించేది కొండలు, చెట్లు, నీళ్లు. తరిమిన సంగతి వాటిలో కనిపించదు. చూసినవాళ్లు అది ఎవరూ తాకని భూమి అనుకున్నారు.

మనకూ ఈ ప్రమాదం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చదవండి. సాగును, నివాసాన్ని రుజువు చేసే వాటిలో ఇళ్లు, గుడిసెలు, చదును చేసిన నేల, గట్లు ఉన్నాయి. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. ఫొటోలో ‘అడ్డం’ అని మనం రుద్దేసేవి సరిగ్గా ఇవే. చట్టం సాక్ష్యంగా తీసుకునేదాన్ని మనం మరకలా చూడటం అలవాటు చేసుకుంటే, ‘ఇది ఖాళీ కొండ’ అని రేపు ఎవరైనా అన్నప్పుడు ఏమని జవాబు చెబుతాం?

కళను కళగా చూడాలి, ప్రతి ఫొటో పట్టా కాగితం కానక్కర్లేదు అని కొందరు అంటారు. నిజమే. మంచును మాత్రమే తీయాలనుకుంటే మంచునే తియ్యండి. ఫ్రేము అటు తిప్పితే చాలు. చూపు ఒకవైపు తిప్పడం వేరు, ఎదురుగా ఉన్న ఇంటిని లేదనడం వేరు. ఇక ఇంకో తప్పు కూడా ఉంది. ముక్కుకమ్ములున్న అవ్వను అడగకుండా తీసి, పేరు కూడా తెలుసుకోకుండా కొండకు అలంకారంగా నిలబెట్టడం. ఆ ఫొటోలో మనిషి ఉన్నా లేనట్టే.

యువతకు నేను చెప్పేది ఇంతే. వెలుగు, రంగు, లెన్సు అన్నీ బాగా నేర్చుకోండి. ఎడిట్ చేయని ఫొటోను, తీసిన తేదీని దాచిపెట్టుకోండి. దేన్నయినా తొలగిస్తే ఫొటో కింద ఆ మాట రాయండి. కొండకు మన భాషలో ఉన్న పేరు రాయండి. మనిషిని తీసేముందు అడగండి. ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేయించవచ్చు. పిల్లలు తీసిన ఊరి ఫొటోను ఆ చేను దున్నే రైతుకు చూపించి, ‘ఇది మీ చేనేనా?’ అని అడిగి రమ్మనండి. ఆయన గుర్తుపట్టి, ‘అదిగో మా పాక’ అని వేలు పెట్టి చూపిస్తే ఆ ఫొటో బాగా వచ్చినట్టే.