రేపటిని ముందుగా చూచుట

సామెతల గ్రంథము 29వ అధ్యాయము 18వ వచనము నేటి క్రైస్తవ యువజన కూటములలో మిక్కిలి తరచుగా వినబడు వచనములలో ఒకటి. 1611 నాటి ఇంగ్లీషు అనువాదములో అచ్చట ‘విజన్’ అను మాట ఉన్నది. ఆ మాటను ఆధారము చేసికొని, ప్రతి యువకుడును కన్నులు మూసికొని పదియేండ్ల తరువాతి తన బ్రదుకును స్పష్టముగా చూడవలెనని ప్రసంగీకులు బోధించుచున్నారు. తెలుగు బైబిలు చదువరికి ఆ బోధ ఆ వచనములో కనబడదు. మన అనువాదకులు అచ్చట ఆశయమని గాని లక్ష్యమని గాని వ్రాయక ‘దేవోక్తి’ అని వ్రాసిరి. హెబ్రీ మూలమందలి ‘హాజోన్’ అను పదమే యెషయా గ్రంథపు మొదటి వచనములోను ఉన్నది. అది ప్రవక్తకు కలుగునది. అతడు కూర్చుండి కల్పించుకొనునది కాదు. ఒక్క పదమునుగూర్చి ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడుగవచ్చును. ఆ ఒక్క పదము మీద అనేకులు తమ బ్రదుకంతయు కట్టుకొనుచున్నారు గనుక.

అట్లయిన భవిష్యత్తును మనోనేత్రముతో చూచుట తప్పా? తప్పు కాదు. దర్జీ గుడ్డను కత్తిరింపక ముందే చొక్కాను చూచును; తాపీపనివాడు పునాది త్రవ్వక ముందే గోడను చూచును. ఊహాశక్తి దేవుడు నరునికిచ్చిన వరములలో చిన్నది కాదు. గోపురము కట్టగోరిన వానినిగూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము కూడ శ్రోతల ఊహనే ఆశ్రయించుచున్నది. అయితే అచ్చట ఆయన గోపుర శిఖరమును చూడుమనలేదు, ఖర్చు లెక్క చూడుమనెను.

గత శతాబ్దములో ఈ లెక్క మరుగున పడెను. అమెరికా దేశపు బోధకుడు నార్మన్ విన్సెంట్ పీల్ 1952లో సానుకూల చింతనను గూర్చిన గ్రంథము వెలువరించెను. 1978లో శక్తి గవైన్ మనోచిత్రణమును ఒక సాధనగా ప్రచారము చేసెను. మరుసటి యేడు కొరియా బోధకుడు యాంగీ చో తన ‘నాలుగవ పరిమాణము’ అను గ్రంథములో, పేదరికపు దినములలో ఒక బల్లను, ఒక కుర్చీని, ఒక సైకిలును వివరముగా ఊహించుకొని ప్రార్థించి పొందితినని వ్రాసెను. ఒక బీద సేవకుని ప్రార్థనగా ఆ వృత్తాంతము హృదయమును తాకును. అందరికి వర్తించు నియమముగా చేసినప్పుడే అది ప్రమాదము.

ఆ ప్రమాదము ఎవరికో తెలిసికొనుటకు, ప్రభుత్వోద్యోగము కొరకు పోటీ పరీక్ష మూడవసారి వ్రాసిన యువకుని తలంచుకొనవలెను. ఆఫీసు కుర్చీని, తలుపు మీద తన పేరు గల పలకను, తల్లి ముఖమందలి సంతోషమును ప్రతి ఉదయము స్పష్టముగా చూడుమని అతనికి ఎవరో నేర్పిరి. చిత్రము ఎంత స్పష్టమో విశ్వాసము అంత గట్టిదనియు చెప్పిరి. మూడవ మారును అతని నంబరు జాబితాలో లేదు. ఇక ఆ బోధ అతనికి రెండే తలంపులు మిగుల్చును: దేవుడు మాట తప్పెను, లేదా తన విశ్వాసము చాలలేదు. ఖాళీలు కొన్నే, వ్రాసినవారు వేలమంది అను సాదా సత్యము అతని కంటికి ఆనదు. దేవుడు చేయని వాగ్దానమును దేవుని పేరట చేసినవాడు ఆ కన్నీటికి లెక్క అప్పగింపవలసియున్నది.

మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనయు ఈ విషయమున ఉపయోగకరమైనది. లీయెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనువారు 1999లో ప్రచురించిన ప్రయోగములో, పరీక్షకు ముందు కొందరు విద్యార్థులు మంచి మార్కులు వచ్చినట్లు ఊహించుకొనిరి. మరికొందరు తాము ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు చదువుదురో ఊహించుకొనిరి. ఈ రెండవవారికే మంచి మార్కులు వచ్చెను. ఫలితమును మాత్రమే ఊహించినవారు చదువుటయే తగ్గించిరి. గాబ్రియేల్ ఎటింగెన్ అను పండితురాలు 1991లో, బరువు తగ్గగోరు స్త్రీల విషయములో మరియొక సంగతి చూపెను. అనుభవమును బట్టి ఫలితము నెదురుచూచినవారు ఎక్కువ తగ్గిరి. తగ్గిపోయినట్లు తీయని ఊహలలో విహరించినవారు తక్కువ తగ్గిరి. పంట ఇంటికి రాకమునుపే మనస్సు క్రొత్తబియ్యపు అన్నము తిని తృప్తిపడునన్నమాట. అందుచేత ఆమె కోరికతోపాటు అడ్డంకిని కూడ చూడుమని సలహా ఇచ్చెను.

నెహెమ్యా ఆ పని ఎన్నడో చేసియుండెను. యెరూషలేమునకు వచ్చిన మూడు దినములకు, దేవుడు తన హృదయమందు పుట్టించిన ఆలోచనను ఎవరికిని చెప్పక, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరెను. లోయద్వారమునుండి పెంటద్వారము వరకు పడిపోయిన గోడలను, కాలిన తలుపులను చూచెను. ఒకచోట అతడెక్కిన పశువు పోవుటకు త్రోవయే లేకపోయెను. కట్టబోవు గోడను ప్రజల ముందు వర్ణించుటకు ముందు శిథిలములను దగ్గరగా చూచినవాడు అతడు. గోడ ఏబది రెండు దినములలో ముగిసెను.

ఆ గ్రంథము మూడవ అధ్యాయము చదువుటకు విసుగు పుట్టించుననుట నిజమే. అంతయు పేర్ల పట్టిక. ఎవరి ప్రక్కను ఎవరు కట్టిరి, కంసాలులు ఏ భాగము, సుగంధద్రవ్యములు చేయువారు ఏ భాగము, షల్లూము కుమార్తెలు ఏ భాగము. నెహెమ్యా దర్శనములో ఇంతమందికి చోటున్నది. లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములోని ధనవంతుడును భవిష్యత్తును చక్కగానే ఊహించెను: కొట్లు, ధాన్యము, విశ్రాంతి, విందు. ఆ చిత్రములో అతడు తప్ప మరియొక మనిషి లేడు. మాటలాడుట కూడ తన ప్రాణముతోనే. తన రేపటిని గీచుకొను యువతి గాని యువకుడు గాని ఆ చిత్రములో ఇంకెవరున్నారో, ఉన్నవారు మనుష్యులో లేక చప్పట్లు కొట్టు బొమ్మలో, ఒకమారు పరిశీలించుట మంచిది.

ఇక దేవుడే అనుగ్రహించిన దర్శనము కూడ అచ్చుగ్రుద్దినట్లు నెరవేరదు. త్రోయలో పౌలు రాత్రివేళ ఒక మాసిదోనియ పురుషుని చూచెను. ఫిలిప్పీకి వెళ్లిన తరువాత అతనికి కనబడినది నదీతీరమున కూడిన స్త్రీలు. వారిలో వాక్యమును అంగీకరించిన లూదియ తుయతైరవాసిని; ఆ తుయతైర ఏ ఆసియలో వాక్యము చెప్పకూడదని పౌలునకు ఆటంకము కలిగెనో ఆ ఆసియలోని పట్టణమే. పౌలు తాను చూచిన పురుషుని కొరకు వెదకుచు ఆ స్త్రీలను దాటిపోలేదు.

తెలుగు సంఘమునకు ఇట్టి దృష్టాంతము దూరమున లేదు. దోర్నకల్ బిషప్పు అజరయ్య 1919లో తరంగంబాడి సమావేశమునకు ముఖ్య సారథులలో ఒకడై, దక్షిణ భారత సంఘముల ఐక్యత కొరకు అప్పటినుండి పాటుపడెను. అది తన పదవికి గాని తన ఇంటికి గాని గీచుకొన్న చిత్రము కాదు. చర్చలు, అభ్యంతరములు, కమిటీల మధ్య సాగిన పని. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కేథడ్రలులో ఆరంభమాయెను.