గుడ్డుకు బదులు పెరుగు, వడ్లకు బదులు నివ్వరి

పుట్టినరోజు శనివారం పడిందంటే మార్టూరులో కొన్ని ఇళ్లకు కేకుతో పేచీ వస్తుంది. వెంకటేశ్వరస్వామి వారం, ఇంట్లో గుడ్డు పగలకూడదు. అప్పుడు మైదాలో పెరుగు, వంటసోడా కలుపుతారు. పెరుగులోని పులుపు సోడాతో కలిసి బుడగలు లేపుతుంది, పిండి పొంగుతుంది. ఓవెన్ లేనివాళ్లు కుక్కర్ అడుగున ఇసుకో ఉప్పో పోసి, విజిల్, రబ్బరు తీసేసి సన్నని సెగ మీద కాలుస్తారు. గుడ్డు లేనిది కేకెలా అవుతుందని పిల్లలు అడగకమానరు.

జైమిని మీమాంస సూత్రాల్లో, ఆరో అధ్యాయం మూడో పాదంలో, యజ్ఞం విషయంలోనూ ఇదే చర్చ. వడ్లు దొరక్కపోతే యజ్ఞం మానాలా? అక్కర్లేదు, వాటిని పోలిన నివ్వరి (అడవి వరి) ధాన్యంతో చేయవచ్చు. బదులు చెల్లనివి మాత్రం నాలుగు: దేవత, అగ్ని, మంత్రం, క్రియ.

నాకు మరీ నచ్చింది ఇంకో నియమం. నివ్వరి కూడా అయిపోతే నివ్వరిని పోలినదాన్ని కాదు, మళ్లీ వడ్లను పోలినదాన్నే వెతకాలి. వంటలు మార్చేవాళ్లు దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. పులిహోరలో చింతపండుకు బదులు నిమ్మకాయ, నిమ్మకాయకు బదులు సీసా రసం. ఆ పైన మార్చబోయేవాళ్ల నాలుకకు చింతపండు జ్ఞాపకమే ఉండదు.

ఆ మాటకొస్తే మన మిరపకాయా బదులుగా వచ్చిందే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా ఇక్కడ కారమంటే మిరియాలు, పిప్పళ్లే. ఇప్పుడు ఉగాది నాటికి మార్టూరు చుట్టుపక్కల కల్లాలన్నీ ఎరుపు, పచ్చడిలో కారమూ చాలా ఇళ్లలో మిరపదే. అయినా ఆచారం పట్టింపున్న ఇళ్లలో తద్దినం వంటకు మిరపకాయ పనికిరాదు, ఆ పూట మిరియాలే. టమాటా, బంగాళాదుంపలకూ ప్రవేశం లేదు. కారాన్నీ పులుపునీ ఉప్పునీ గీత 17వ అధ్యాయంలో రాజసాహారం కింద చేర్చింది, అదీ మిరపకాయ ఎరగని రోజుల్లోనే. మన గోంగూర పచ్చడిని ఏ గుణంలో వేసేదో!

పండగనాడు కర్రీ పాయింటు పులిహోర పొట్లం తెచ్చి దేవుడి ముందు విప్పడం నాకు అంతగా నచ్చదు. ద్రవ్యం అదే గానీ, చేయాల్సిన పని మరొకరు చేశారు. అయితే నిత్యకర్మ దగ్గర మీమాంసకులు అంత కఠినంగా లేరు. చేయగలిగినంత చేస్తే చాలన్నారు. తెల్లవారకముందే మిరప కోతకు బయలుదేరే ఆవిడ బెల్లం ముక్క పెట్టి దణ్ణం పెట్టుకుంటే లోటేమీ లేదు. కోరికతో చేసే కర్మకు మాత్రం అంగాలన్నీ ఉండాల్సిందే. ఈ సూత్రం చదవనివాళ్లూ సత్యనారాయణ వ్రతానికి రవ్వ కిలోంపావే కొలుస్తారు, కిలోతో సరిపెట్టరు.