అద్దె వేరు, వెలుతురు వేరు

ఇల్లు అద్దెకిచ్చేవాడు అద్దెకుండేవాడికి అమ్ముతున్నదేమిటి? నాలుగు గోడలూ పైకప్పూ అని వెంటనే జవాబు వస్తుంది. కాని గోడల కోసం గోడలను కోరి డబ్బిచ్చేవాడెవడూ లేడు. మనిషి డబ్బిచ్చేది వాటి మధ్య నివసించడానికి. నివసించడమంటే రాత్రి దీపం పెట్టుకోవడం, నీళ్ళు పట్టుకోవడం, వండుకోవడం, వేసవిలో ఫాను కింద పిల్లల్ని పడుకోబెట్టుకోవడం. ఇవేవీ లేనిదాన్ని గోదామంటాం. మరి నివాసానికి ఒక ధర కట్టి, నివాసానికి ప్రాణమైన వెలుతురునూ నీళ్ళనూ దానినుంచి విడదీసి, వాటికి మరొక ధర కట్టడం న్యాయమేనా? నెలకు రెండు మూడు వందల రూపాయల వ్యవహారానికి నీతిశాస్త్రం దేనికని కొందరు నవ్వవచ్చు. ఇంటిఖర్చు లెక్కలో కనబడని నీతి ఉపన్యాసాల్లో కనబడుతుందని నేననుకోను.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి విశాఖలోని మల్కాపురం మంచి చోటు. 1941లో సింధియా వారి ఓడల కర్మాగారం, 1957లో కాల్టెక్సు చమురుశుద్ధి కర్మాగారం, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఈ చుట్టుపక్కలే వెలిశాయి. మొదటి రెండూ తరువాత ప్రభుత్వరంగంలోకి వచ్చి పేర్లు మార్చుకున్నాయి. కర్మాగారాలతో పాటు శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఒడిశా నుంచీ జనం వచ్చారు. కంపెనీ క్వార్టర్లు పర్మనెంటు ఉద్యోగులలో కొందరికి దొరికాయి. కాంట్రాక్టరు కింద పనిచేసే వెల్డరుకూ, గ్రైండరుకూ, కలాసీకీ ఏ క్వార్టరూ లేదు. వాళ్ళున్నది పోర్షన్లలో. ఇంటివారుండే గదుల పక్కనో, వెనకనో, మేడమీదనో వేసిన ఒకటీ రెండూ గదులే పోర్షన్లు. కంపెనీ మీటరు ఇంటివారి పేర ఒక్కటే ఉంటుంది. పోర్షనుకొక సబ్‌మీటరు ఉంటుంది. టులెట్ బోర్డు చూసి వచ్చినవాడికి అద్దె ఎంతో చెప్పాక, గుమ్మం దాటుతూండగా మరో మాట వినిపిస్తుంది: "కరెంటు డబ్బులు వేరే బాబూ, యూనిట్టుకి ఎనిమిది." కొన్నిచోట్ల పది. ఆ తరువాత నీళ్ళ డబ్బులు, మోటారు డబ్బులు, మెట్లు ఊడ్చినందుకు డబ్బులు. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి గనక నాకు తోచిన విశేషం ఒకటుంది. మన భాషలో అద్దె ఏకవచనం. అదనంగా వచ్చేవన్నీ బహువచనం.

ఇక లెక్కలోకి దిగుదాం. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటుకు 2022లో విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధరలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఒక ఇంట్లో ఇంటివారూ, మూడు పోర్షన్ల వారూ నెలకు తలా 70 యూనిట్లు కాల్చారనుకుందాం. సర్దుబాటు చార్జీలూ సుంకాలూ పక్కన పెడదాం. ఎవరి మీటరు వారికుంటే ఒక్కొక్కరి బిల్లు 177 రూపాయలు. నాలుగు ఇళ్ళకూ కలిపి 708. కాని నలుగురి వాడకమూ ఒకే మీటరు మీద పడి 280 యూనిట్లయ్యేసరికి బిల్లు 1,498 రూపాయలవుతుంది. యూనిట్టుకు సగటున 5 రూపాయల 35 పైసలు. ఇంటివారు ముగ్గురి దగ్గరా యూనిట్టుకు ఎనిమిది చొప్పున వసూలు చేసేది 1,680. అంటే బిల్లంతా ముగ్గురూ కట్టగా, ఇంటివారి 70 యూనిట్లు ఉచితమై, పైగా 180 రూపాయలకు పైన చేతిలో మిగులుతుంది.

పోర్షనువాడు ఇచ్చిన 560 రూపాయలను విప్పి చూద్దాం. అందులో 177 అతడు నిజంగా సమాజానికి బాకీపడ్డది. సుమారు 198, నలుగుర్నీ ఒక్క మీటరుకు కట్టేసినందుకు పంపిణీ సంస్థకు పోయింది. మిగిలిన 185 ఇంటివారికి. ఈ మూడింటినీ కలిపి అతడికి వినిపించేది మాత్రం "కరెంటు డబ్బులు" అన్న ఒక్క మాట. మధ్య ముక్క ఇంటివారి పాపం కాదని మనం ఒప్పుకోవాలి. ఇంటివారిని మాత్రమే తిట్టి ఊరుకునేవారు ఈ 198ని గమనించరు.

ఇక్కడ మన మిత్రులలో కొందరికి ఒక తొందర ఉన్నది. "అదనం" అన్న మాట వినగానే అది అదనపు విలువేననీ, ఇంటి యజమాని పెట్టుబడిదారేననీ తేల్చేస్తారు. ఎంగెల్సు 1872లో ఇళ్ళ సమస్య మీద రాసిన వ్యాసాలలో ఈ పొరపాటునే ఖండించాడు. అద్దెకుండేవాడు యజమాని ముందు తన శ్రమశక్తిని అమ్ముకునేవాడుగా నిలబడడు. కూలి చేతబట్టుకుని, సరుకు కొనేవాడుగా నిలబడతాడు. అదనపు విలువ పుట్టే చోటు ఓడల కర్మాగారం గేటు లోపల ఉన్నదే గాని పోర్షను గుమ్మంలో లేదు. ఐతే కూలివాడి కూలిలోంచి షాహుకారూ ఇంటి యజమానీ మళ్ళీ గీరుకునే ఈ వ్యవహారాన్ని మార్క్సు రెండో రకపు దోపిడీగా గుర్తించకపోలేదు. మొదటిదానికి కారణం కాకపోయినంత మాత్రాన రెండవది నిర్దోషమైపోదు.

దీన్ని సమర్థించేవారి మొదటి వాదం అంగీకారం. ఎనిమిదని ముందే చెప్పారు, ఒప్పుకునే చేరాడు, ఇక పేచీ ఏమిటి? ఈ వాదంలో కొంత బలమున్నది. చెప్పకుండా వసూలు చేయడం కంటె చెప్పి వసూలు చేయడం నయమే. కాని ఒప్పుకున్నది దేనికి? ఇంటిని ఎన్నుకునే స్వేచ్ఛ అతడికి ఉన్నది, అదీ డ్యూటీకి నడిచిపోగల దూరంలో. ఒకసారి సామాను దించాక కరెంటు ఇంకెవరి దగ్గరా కొనలేడు. పక్కకొట్లో ఉప్పు చవకైతే పక్కకొట్టుకు పోవచ్చు. పక్కింటి కరెంటు చవకైతే పక్కింటికి తీగ లాగడానికి లేదు. కొనేవాడు ఎటూ కదలలేడని తెలిసి నిర్ణయించిన ధరకు మార్కెట్టు ధర అన్న గౌరవం కూడా దక్కదు. మన పాత అర్థశాస్త్రకారుడు కౌటిల్యుడు సైతం వర్తకుడి లాభాన్ని స్వదేశపు సరుకు మీద నూటికి అయిదనీ, పరదేశపు సరుకు మీద పదనీ కట్టడి చేశాడు. అతడేమీ బీదల పక్షపాతి కాడు. కొలతా ధరా రెండూ ఒకే చేతిలో ఉంటే జరిగేదేమిటో ఎరిగినవాడు.

రెండవ వాదం కనికరానికి సంబంధించినది. దీన్ని తోసిపుచ్చడం అంత తేలిక కాదు. మల్కాపురంలో పోర్షన్లు వేసినవారందరూ ధనవంతులు కారు. ముప్పై ఏళ్ళు కర్మాగారంలో పనిచేసి, వచ్చిన భవిష్యనిధి ఇంటి మీద పెట్టి, ఆ రెండు గదుల మీదే ముసలితనం గడుపుకుంటున్నవారు అనేకులు. భవిష్యనిధి సంస్థ ఇచ్చే కనీస పింఛను 2014లో నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయమయింది. నెలకు వెయ్యితో, రెండు వేలతో ఆ ముసలి దంపతులు ఎలా బతకాలి? పైవాడు ఎగ్గొట్టినదాన్ని వాళ్ళు కిందివాడి దగ్గర రాబట్టుకుంటున్నారు. నిన్నటి కార్మికుడు నేటి కార్మికుడి దగ్గర, దీపం పేరు చెప్పి.

వాళ్ళ అవసరం నిజమైనదే. ఐతే ఆ అవసరానికి అద్దె అనే పేరు ఉండనే ఉన్నదే! రెండు వందలు ఎక్కువ కావాలంటే అద్దెలోనే రెండు వందలు పెంచి అడగవచ్చు. అలా ఎందుకడగరు? అద్దె బయటికి చెప్పే అంకె. పక్క వీధి అద్దెతో పోల్చవచ్చు, బేరమాడవచ్చు, కాదనవచ్చు. కరెంటు డబ్బులు పోల్చడానికి చిక్కవు. నెలనెలా మారతాయి, మీటరు చూసేది ఇంటివారు, అసలు బిల్లు ఇంటివారి బీరువాలో. పైగా కరెంటు కంపెనీ అడుగుతున్నట్టే వినిపిస్తుంది గనక అడిగేవారికి మొహమాటముండదు, ఇచ్చేవాడికి ఎదిరించడానికి మనిషి కనబడడు. నా దృష్టిలో తప్పు 185 రూపాయల మొత్తంలో కంటె ఈ దాపరికంలోనే హెచ్చుగా ఉన్నది. లాభాన్ని ఖర్చు పేరుతో పిలవడం అబద్ధం. అద్దెను నియంత్రించిన 1960 నాటి మన రాష్ట్ర చట్టం నిర్ణీతమైన అద్దెకు మించి ఏ పేరునా వసూలు చేయరాదనీ, ఉన్న వసతులను తెగ్గొట్టరాదనీ చెప్పింది. అద్దెకు కాపలా పెట్టినచోట రాబడి మీటరులోంచి దారి చేసుకున్నది.

ఖర్చు నిజంగానే ఎక్కువైన చోట సంగతేమిటి? మన రేవు నుంచి ఓడలు పోయే అండమానునే తీసుకుందాం. ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. అక్కడి విద్యుత్తులో అధికభాగం ఇప్పటికీ డీజిలు జనరేటర్లదే. ఆ డీజిలు సముద్రం దాటి ఓడల మీద పోవాలి. దీవుల్లో విహారానికి పోయి బసచేసినవాడికి గది అద్దె మీద జనరేటరు చార్జీ అనో, ఏసీ చార్జీ అనో వేరే చీటీ రావడం లోకంలో అనేకచోట్ల ఉన్న పద్ధతే. చీటీలో డీజిలు ఖర్చే ఉంటే యాత్రికుడు గొణుక్కుంటాడు గాని మోసపోడు. సముద్రం నిజం, డీజిలు నిజం. కాని అదే దీవిలో కాపురముండే వారికి ప్రభుత్వం కరెంటును ఉత్పత్తి ఖర్చులో కొద్ది భాగానికే ఇస్తున్నది. మిగతాది కేంద్రం భరిస్తున్నది. సముద్రం మధ్య పుట్టినందుకు ఎవరికీ జుర్మానా పడరాదన్నది ఆ నిర్ణయంలోని ధర్మం.

ఈ సంగతి మల్కాపురానికి ఎందుకు పట్టిందంటే, వెలుతురు ధర ప్రకృతి నిర్ణయించేది కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలకు ఇవ్వడం కూడా అటువంటి సామాజిక నిర్ణయమే. బీదవాడింట మొదటి దీపం చవకగా వెలగాలని సమాజం తీర్మానించుకున్నది. ఆ తీర్మానం పోర్షను గుమ్మం దగ్గర ఆగిపోతున్నది. అక్కడ మొదటి బల్బుకూ ఎనిమిదే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు. చమురుశుద్ధి కర్మాగారపు మంట రాత్రంతా ఆకాశంలో కనిపించే పేటలో ఫాను ఎంతసేపు తిప్పాలో లెక్కచూసుకునే సంసారాలున్నాయి.

అమెరికాలో 2025 మే 12 నుంచి ఒక నిబంధన అమలులోకి వచ్చింది. కొద్దిరోజుల బసలకూ వినోద ప్రదర్శనల టిక్కెట్లకూ తప్పనిసరి చార్జీలన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపించాలి. మన దేశంలో 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ హోటలు బిల్లులో సర్వీసు చార్జీని తనంతట తానే చేర్చరాదన్నది. 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మంచివే. ఐతే వీటి రక్షణ ఎవరికి? ఒక రాత్రి బసచేసేవాడికీ, ఒక పూట భోంచేసేవాడికీ. ఆ అమెరికా నిబంధన నెల అద్దెల జోలికి పోనే లేదు. విహారానికి వచ్చినవాడి ఫిర్యాదుకున్న గొంతు ఏళ్ళతరబడి కాపురమున్నవాడికి లేదు.

చట్టంలో దారే లేదని చెప్పడం లేదు. 2003 నాటి విద్యుత్ చట్టం లైసెన్సు లేకుండా విద్యుత్ వ్యాపారం చేయరాదన్నది. కనెక్షను కోరే హక్కు యజమానికే కాక ఆ ఇంట్లో ఉంటున్నవాడికీ ఇచ్చింది. యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెకున్నవాడికి విద్యుత్తు నిరాకరించరాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ ప్రభుత్వం 2019లో అద్దెకుండేవారికి వేరే ప్రీపెయిడు మీటర్లిచ్చే పథకం తెచ్చింది. తెలంగాణాలో 2024లో వచ్చిన గృహజ్యోతి వేరే మీటరున్న అద్దెవాసులకూ వర్తించింది. కాని మల్కాపురంలో నోటిమాట మీద చేరిన కాంట్రాక్టు కార్మికుడు ఏ కాగితం పట్టుకుని మీటరు అడగబోతాడు? అడిగిన మర్నాడు ఖాళీ చేయమంటే పిల్లల బడి ఏమవుతుంది? హక్కు కాగితం మీద ఉన్నవాడికీ, అది అడిగి నిలవగలిగినవాడికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచే మీటరు ఎవరూ కనిపెట్టలేదు.

అందుచేత ఇది ఒక్కొక్కడుగా తేల్చుకోగలిగే వ్యవహారం కాదు. పేటలో సంఘాలున్నాయి, యూనియన్లున్నాయి. వేతనాల మీద, క్రమబద్ధీకరణ మీద అవి పోరాడుతున్నాయి, పోరాడాలి. నెలనెలా అసలు బిల్లును గోడకు అంటించాలనీ, దాన్ని యూనిట్ల ప్రకారం అందరూ, ఇంటివారితో సహా, పంచుకోవాలనీ కోరడం వాటి స్థాయికి తక్కువ పనేమీ కాదు. పోర్షనుకు వేరే మీటరు పెట్టించడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదీ అక్కడే చర్చించవచ్చు. ఆ 198 రూపాయలు మిగిలేది అప్పుడే గనక ఇంటివారికీ అందులో నష్టం లేదు. ఆ చర్చ ఇంతవరకూ ఎందుకు జరగలేదో ఊహించడం కష్టం కాదు. ఒకే యూనియను మీటింగులో ముందు బెంచీ మీద కూర్చున్న రిటైరైన పెద్దాయన ఇంటి వెనక పోర్షనులోనే వెనక బెంచీ కుర్రవాడు అద్దెకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు కామ్రేడ్ అనే పిలుచుకుంటారు. మొదట లేచి ఈ మాట ఎవరెత్తాలి?