శరణమనగా గృహమే

'శరణము' అను శబ్దమును మనము నిత్యము ఉచ్చరించుచున్నాము. దానికి గృహమనియు, రక్షకుడనియు రెండర్థములు గలవని అమరకోశము తెలుపుచున్నది. శ్రీ విష్ణు సహస్రనామములలో 'శరణమ్' అనునది ఒక నామము. ఇంటికిని, రక్షించువానికిని ఒకే పేరుంచిన మన పూర్వులు ఒక సత్యమును గ్రహించిరి. తల దాచుకొన చోటు లేనివానికి 'నిన్ను రక్షింతును' అనుట వట్టి మాటయే. కావున నిలువ నీడ లేనివానిని గూర్చిన విచారణ శరణాగతి ధర్మమునకు వెలుపలిది కాదు. అట్టివానికి ఆశ్రయమిచ్చుటకు ముందు వాని యోగ్యతను పరీక్షింపవలెనా? లేక ఆశ్రయమిచ్చిన పిమ్మట తక్కినవి చూడవలెనా? ఈ ధర్మసందేహమును తీర్చుటకు ఒక దూరదేశపు అనుభవము తోడ్పడును.

సంపదలో అగ్రగణ్యమని పేరొందిన అమెరికా దేశమున మన తెలుగు బిడ్డలనేకులు స్థిరపడి, శ్రీనివాసునకు ఆలయములు నిర్మించి సేవించుచున్నారు. ఆ దేశమందు 2024 జనవరిలో ఒక రాత్రి జరిపిన గణనలో, సొంత నివాసము లేక వీధులలోను, ఆశ్రయ కేంద్రములలోను గడపినవారు 7,71,480 మంది అని తేలినది. వారిలో సుమారు లక్షన్నర మంది బాలబాలికలు. 32,882 మంది ఒకప్పుడు ఆ దేశపు సైన్యమున సేవ చేసినవారు. దేశమును కాచినవానికి ఆ దేశమున ఒక గది కరవగుట ఎట్లు సంభవించినది?

ఇది నేటి కథ కాదు. మొదటి ప్రపంచ యుద్ధమున పోరాడినవారు, తమకు 1945లో ముట్టవలసిన పారితోషికమును ముందుగా ఇమ్మని కోరుచు 1932లో వాషింగ్టను నగరమున గుడిసెలు వేసికొనిరి. ఆ జూలై 28న సైన్యమే వారిని వెడలగొట్టెను, గుడిసెలు దగ్ధమయ్యెను. రెండవ యుద్ధము ముగియుటకు ముందే, 1944లో, తిరిగివచ్చు సైనికులకు విద్యకును, గృహ ఋణములకును తోడ్పడు శాసనము చేసిరి. కాని వియత్నాము నుండి మరలివచ్చిన అనేకుల మనస్సులందు యుద్ధము ముగియలేదు. యుద్ధము వంటి ఘోరానుభవముల వలన కలుగు ఆ మనోవ్యాధికి వైద్యులు ప్రత్యేక నామమిచ్చి గుర్తించుట 1980లో గాని జరుగలేదు.

తక్కిన కారణములు సైనికులకును, ఇతరులకును సమానమే. 1955లో ఆ దేశపు ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో 5 లక్షల 50 వేలకు పైగా రోగులుండిరి. తరువాతి దశాబ్దములలో వారిని బయటకు పంపిరి గాని, బయట వారికి కావలసిన వైద్యమును, వసతిని తగినంతగా ఏర్పరుపలేదు. అదే కాలమున నగరములందు పేదలు తక్కువ అద్దెకుండు ఒంటి గదుల వసతి గృహములను పడగొట్టిరి. అద్దెలు పెరిగినంతగా కూలి పెరుగలేదు. ఈ స్థితిలో ఒక రోగము, ఒక ఉద్యోగ నష్టము, దాంపత్య విచ్ఛేదము, మద్యపానము, వీనిలో ఏ ఒక్కటి చాలును మనుజుని వీధిన పడవేయుటకు.

ఇల్లు పోయినవానికి పోవునది కప్పు మాత్రమే కాదు. చిరునామా లేదు గనుక ఉత్తరము చేరదు. ఉత్తరము చేరదు గనుక రావలసిన పింఛను గాని, ఉద్యోగమునకు పిలుపు గాని అందదు. నిశ్చింతగా కన్ను మూయు రాత్రి లేదు గనుక మతి నిలువదు. మందు దాచుకొను తావు లేదు గనుక వ్యాధి ముదురును. పిల్లలకు మాటిమాటికి బడి మారును. చూచువారు చూపు త్రిప్పుకొందురు. మాజీ సైనికునకు మరియొక కష్టము కలదు. ఓర్చుకొనుటయే పౌరుషమని శిక్షణ పొందినవాడగుటచే అతడు చేయి చాచి సాయమడుగనేరడు.

ఇచట ఆస్తికులకు రెండు సందేహములు కలుగవచ్చును. మొదటిది: గీత పండ్రెండవ అధ్యాయమున 'అనికేతుని', అనగా ఇల్లు లేనివానిని, భగవానుడు తనకు ప్రియుడని చెప్పలేదా? చెప్పెను. కాని ఆ మాట వెంటనే స్థిరమతిని గూడ చెప్పెను. ఇంటిపై మమకారము విడిచినవాడు అనికేతుడు. ఇల్లు లాగికొనబడి, నిద్ర లేక మతి చెదరినవాడు కాడు. యతి విడుచుట త్యాగము. పేదవాడు పోగొట్టుకొనుట దుఃఖము. రెండవ దానికి మొదటి దాని పేరు పెట్టి ఊరకుండుట మన సౌకర్యమునకే గాని ధర్మమునకు గాదు.

రెండవది: అది వాని ప్రారబ్ధము గదా, మనమేమి చేయగలము? ఇందులకు ఆ దేశపు అనుభవమే సమాధానమిచ్చుచున్నది. 1992లో న్యూయార్కు నగరమున శామ్ సెంబెరిస్ అను మనస్తత్వవేత్త 'ముందు ఇల్లు' అను పద్ధతి ప్రారంభించెను. అంతకుముందు, మద్యము మానుము, చికిత్స పొందుము, పిమ్మట ఇల్లు చూతుమనువారు. ఇతడు ఆ వరుసను తలక్రిందులు చేసెను. మాజీ సైనికుల విషయమున ప్రభుత్వము ఇట్టి మార్గమునే పట్టి, 2008 నుండి విరివిగా సాగించినది. సైనికుడు తన ఆదాయమున ఇంచుమించు మూడవ వంతు అద్దెగా చెల్లించును. మిగిలినది ప్రభుత్వము భరించును. ఒక సహాయకుడు వెంటనుండి వైద్యాదులను చూచును. 2010లో సుమారు 74 వేలుగా నున్న నిరాశ్రయ సైనికుల సంఖ్య 2024 నాటికి సగము కంటె తగ్గెను. అదే కాలమున ఇల్లు లేనివారి మొత్తము సంఖ్య మాత్రము సుమారు 6 లక్షల 37 వేల నుండి 7 లక్షల 71 వేలకు పెరిగెను. ఒకే దేశము, ఒకే కాలము. సైనికుల ప్రారబ్ధము మారెనా? మారినది చూచువారి సంకల్పము. ఒకని కష్టమునకు వాని కర్మ కారణమైనను, ఆ కష్టము మన కంటబడుట మన కర్మము. అప్పుడు మనమేమి చేయుదుమనునది మన ధర్మము.

సముద్ర తీరమున విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి శరణు కోరినప్పుడు ఈ ప్రశ్నయే సభకు వచ్చెను. సుగ్రీవుడు నమ్మరాదనెను. పరీక్షింపవలెనని ఒకరు, చారుని పంపవలెనని మరియొకరు పలికిరి. శ్రీరాముడో, వచ్చినవాడు రావణుడే యైనను అభయమిచ్చితినని పలికి, తోడుకొని రమ్మనెను. తన ఆడుపక్షిని పట్టిన బోయవానికి సైతము ఆతిథ్యమిచ్చిన కపోతము కథను గుర్తు చేసెను. శ్రీ వేదాంత దేశికులు 'అభయప్రదానసారము' అను గ్రంథమును ఈ ఘట్టముపైననే రచించిరి. రాముడు విచారణను నిషేధింపలేదు. ఆశ్రయమును దాని ముందుంచెను.

ఇల్లు దొరకినంతనే వ్యసనము మాయమగునని ఎవరును చెప్పజాలరు. దానికి చికిత్స వేరుగా కావలెను. కాని తలుపు గల గదిలో నున్నవానికే ఆ చికిత్స సులభముగా అందును. అయినను వాదము ముగియలేదు. పండుకొన వేరు చోటు లేనివాడు బహిరంగ స్థలమున శయనించినను శిక్షింపవచ్చునని 2024 జూన్‌లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2025 జూలైలో అధ్యక్షుని ఉత్తర్వు 'ముందు ఇల్లు' పద్ధతికి ఆదరణ విరమింపుమనెను. సుగ్రీవుని సందేహము ప్రతి యుగమునను లేచుచునే యుండును.

మన దేశమును మనము మరువరాదు. 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారు 17 లక్షలకు పైబడిరి. చోటు చాలదని మనమందుము. తిరుక్కోవలూరున వర్షపు రాత్రి ఒక ఇరుకు నడవలో మొదటి ఆళ్వారు శయనించి యుండగా రెండవవారు వచ్చిరి. ఒకరు పండుకొను చోట ఇద్దరు కూర్చుండవచ్చుననిరి. మూడవవారు రాగా ముగ్గురు నిలువవచ్చుననిరి. ఆ ముగ్గురి నడుమ ఒరిపిడి కలిగించుచు నాల్గవవాడుగా వచ్చినవాడు శ్రీమన్నారాయణుడే. చోటు మిగిలిన విశాల మందిరమునకు గాదు, సర్దుకొనిన నడవకు ఆయన విచ్చేసెను.

మన పెద్దలు వీథి అరుగును ఇంటి గోడకు వెలుపల కట్టించిరి. దారిన పోవువాడు దానిపై మేను వాల్చుటకు ఇంటివారి సెలవు కోరవలసిన పని లేకుండెను. అరుగులు తగ్గినవి, ఆ భావము తగ్గరాదు. వీధిన నున్నవానిని పేరడిగి పలుకరించుట, ఆశ్రయ కేంద్రమునకు దారి చూపుట, అతని గుర్తింపు పత్రములకు, పింఛనుకు ఒక అర్జీ వ్రాసిపెట్టుట ఏ గృహస్థునకైనను సాధ్యమే. వైకుంఠము వీడి వేంకటాద్రికి వచ్చి, వరాహస్వామి నడిగి నూరడుగుల చోటు పొందిన శ్రీనివాసుడు, చోటడుగువాని రూపమున మన వాకిట నిలిచినపుడు ఆయనను గుర్తించు బుద్ధిని మనకు ప్రసాదించు గాక.