ఇంటిగోడలోని దేవుని గూడు

మన యిండ్లలో దేవుని గూటికంటె చిన్న స్థలము లేదు. దానికంటె పెద్ద వివాదమునకు తావైన స్థలమును లేదు. జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు గల యీ గూటియందు ఏమి యుంచవలెను, దీప మెవరు పెట్టవలెను, ఎవరు తాకరాదు అను ప్రశ్నలమీద అన్నదమ్ములు వేఱుపడిరి, అత్తకోడండ్రు మాటలు మానిరి. సంస్కారప్రియులమని చెప్పుకొను మాబోటివారము ఈ విషయమై చిరకాలముగా నొకటే యుత్తరము చెప్పుచు వచ్చితిమి. నిరాకారుడైన పరమేశ్వరునికి గూడెందుకు, మూసివేయుడు, అని. ఆ యుత్తరము చెప్పుట సులభము. దాని నాచరణమున బెట్టి, ఫలమును మా యింటనే చూచినవారము గనుక, ఆ ప్రశ్నను మఱల విచారింప బూనితిమి.

ఇందుకు ప్రేరణ మా బంధువులలోని యొక చిన్నది. గుంటూరులో నుద్యోగము చేయుచు, అద్దెగదిలో నొంటిగా నుండును. ‘తాతయ్యా, నాకు గుడికి పోవుటకు తీరిక లేదు, పూజ చేయుట రాదు. కాని గదిలో నొకమూల నాదిగా ఏర్పఱచుకొని ఉదయమున పది నిమిషములు అచట కూర్చుండవలెనని యున్నది. అక్కడ ఏమి పెట్టుకొనవచ్చును? అసలు పెట్టుకొనుటయే తప్పా?’ అని యడిగినది. వెంటనే యుత్తర మీయలేకపోతిమి.

ముందుగా మన పూర్వులు దీని నెట్లమర్చిరో చూతము. స్మార్తుల పంచాయతన పూజయందు ముఖ్యమైనవి విగ్రహములు కావు, ఐదు శిలలు. సూర్యునికి స్ఫటికము, అంబికకు స్వర్ణముఖీనదిలోని రాయి, విష్ణువునకు గండకిలోని సాలగ్రామము, గణపతికి శోణానదిలోని యెఱ్ఱరాయి, శివునికి నర్మదలోని బాణలింగము. నేపాళదేశపు నదియు మన శ్రీకాళహస్తి యేఱును ఒక్క పళ్లెరములో కూడుకొన్నవి. అంతకంటె విశేషమేమనగా, ఎవని కిష్టమైన దైవము వాని పళ్లెరమునందు నడుమ నుండును. తక్కిన నలుగురును నాలుగు మూలలకు జరుగుదురు. శివుని నమ్మినవాని యింట శివుడు నడుమ. విష్ణువును నమ్మిన పొరుగువాని యింట ఆ శివుడే మూలకు పోవును. ఒకరి యమరిక తప్పని మఱియొక రనరు. ఇంతటి స్వేచ్ఛకు తావిచ్చిన యాచారమును మూఢమని యొక్కమాటతో త్రోసివేయుట న్యాయము కాదు.

కాని యా స్వేచ్ఛ యెవనిది? ఇంటి యజమానునిది. సాలగ్రామమును స్త్రీలు తాకరాదనిరి. పళ్లెరములో దేవతలను తన యిష్టానుసారముగ జరుపుకొనగల పురుషుని ప్రక్కనే, ఆ పళ్లెరమును తోమి యిచ్చియు తాకుటకు నోచుకొనని యిల్లాలు నిలిచియుండెను.

ప్రత్తిపాడులోని మా పాతయింట ఇట్టి స్థానములు రెండుండెడివి. మా తండ్రిగారి దేవతార్చన పెట్టె నడిమింట ఈశాన్యమూలను పీటమీద నుండెను. మా తల్లి గూడు వంటింటి గోడలో, పొయ్యికెదురుగా నుండెను. తండ్రిగారి పెట్టెను ఆమె తన కాపురములో నొక్కసారియు తాకియెఱుగదు. దానికి వలసిన నీరు, పూలు, నైవేద్యము సమస్తమును ఆమె చేతిమీదుగనే గడపవఱకు పోయెడివి. గడప దాటినంతనే అవి మా తండ్రిగారివయ్యెడివి. ఆమె గూటిలో నున్నవి మూడే వస్తువులు: ఒక మట్టి ప్రమిద, పసుపు పూసిన వేలెడు రాయి, కాపురమునకు పోయిన యేడాదికే ముత్తైదువగా మరణించిన తన యక్కను పేరంటాలుగా తలచి మడిచి పెట్టుకొన్న రవికెగుడ్డ. మా నల్లరేగడి చేనిలో ప్రత్తి తొలితీతనుండి గుప్పెడు దాచి, గింజ తీసి, దూది యేకి, ఏడాదికి సరిపడు ఒత్తులు ఆమెయే చేసికొనెడిది. పెట్టెకు మంత్రములు గలవు, పురోహితుడు గలడు. గూటి కామె తప్ప దిక్కులేదు.

తండ్రిగారి యనంతరము పెట్టె మాకు వచ్చినది. మాకు నమ్మకము లేదు. నమ్మకము లేనివాడు లోకము కొఱకు నిత్యాభిషేకము చేయుట కపటమని తలచి, పెద్దల నడిగి, దానిని కృష్ణలో విడిచితిమి. ఆ పనికి మేమిప్పటికిని విచారింపము. పెట్టె మాది, దానిని గూర్చిన నిర్ణయమును మాదే. తరువాత చేసినది వేఱు.

ఇల్లు బాగుచేయించుచు వంటింటి గోడకు సిమెంటు పూయించునపుడు, ఆ గూటినిగూడ ఇటుకలతో మూయించితిమి. మా తల్లి యొక్కమాట యడిగినది: ‘అది నీకేమి అడ్డమురా, నాయనా?’ మేము నిరాకారోపాసనను గూర్చి గంటసేపు బోధించితిమి. ఆమె విని, పొయ్యిమీద పాలు పొంగునేమోయని లేచిపోయినది. మఱునాటి యుదయమున చూతుము గదా, ఇంకను తడియాఱని సిమెంటుమీద, గూడున్న చోటనే, అరచేతి వెడల్పున పసుపు పూసి మూడు కుంకుమబొట్లు పెట్టియున్నవి. క్రింద నేలమీద ప్రమిద వెలుగుచున్నది. రాయి యెచటనో, గుడ్డ యెచటనో మాకు తెలియదు, అడుగుటకు నోరాడలేదు. వస్తువులు పోయినవి, చోటు మాత్రము నిలిచినది. నిరాకారమును గూర్చి గంటసేపు చెప్పినవారము మేము. వట్టిగోడకు నమస్కరించినది ఆమె.

మా తప్పును తగ్గించుకొనుటకు గాదు గాని, ఇట్టి సంకటము మాకంటె పెద్దవారి యిండ్లలోను కలిగినది. దేవేంద్రనాథ ఠాకూరుగారు 1843వ సంవత్సరమున బ్రహ్మధర్మదీక్ష గైకొన్నవారు. తమ యింట దుర్గాపూజ జరుగు దినములలో వారు ఇల్లు విడిచి యాత్రకు పోయెడివారు. తాము పాల్గొనరు, ఇంటివారి నాపరు. తరువాత ఆ యింటనుండి కులదైవమును తొలగించు కాలము వచ్చినపుడు, వారి తమ్ముడు గిరీంద్రనాథుని భార్య, అప్పటికే వితంతువైన యోగమాయాదేవి, లక్ష్మీజనార్దన శిలను విడువనొల్లక, దానిని గైకొని బిడ్డలతో ప్రక్క భవనమునకు వెడలిపోయెను. ఒక కుటుంబము రెండిండ్లయ్యెను. దేవేంద్రనాథులవారి సత్యనిష్ఠను మేము శంకింపము. ఐనను యాత్రకు పోయిన దేవేంద్రనాథులే మాకెక్కువ పూజ్యులుగ దోచుదురు.

రామమోహన రాయలవారు 1830 జనవరిలో వ్రాయించిన సమాజమందిరపు ధర్మకర్తృత్వ పత్రమునందు రెండు నిబంధనలు కలవు. మందిరములో విగ్రహముగాని, చిత్తరువుగాని, ఏవిధమైన ప్రతిరూపముగాని చేర్పరాదనుట మొదటిది. ఏ మనుష్యుడైనను ఏ సమూహమైనను పూజించు వస్తువును, అది చేతనమైనను జడమైనను, ఆ మందిరములో నిందింపరాదు, తేలికచేసి మాటలాడరాదనుట రెండవది. మనవారు మొదటిదానిని కంఠస్థము చేసిరి. రెండవదానిని చదివినట్లే తోచదు.

ఇంటిలోని గూటిని అధికారముతో మూయించినవారు పాశ్చాత్యదేశములందును గలరు. 79వ సంవత్సరమున అగ్నిపర్వతపు బూడిదలో మునిగిపోయిన పాంపేయి నగరమును త్రవ్వినపుడు, ఇండ్లలో గృహదేవతల గూళ్లు బయటపడినవి. వానిలో ననేకములు వంటిండ్లలోనే యున్నవి! మా తల్లి చూచియుండిన ఆశ్చర్యపడియుండదు. 392వ సంవత్సరమున థియొడోసియసు చక్రవర్తి, గృహదేవతలకు ఇంటిలోపల రహస్యముగానైనను నిప్పు వెలిగింపరాదు, మద్యము ధారవోయరాదు, ధూపము వేయరాదు, పూదండ వ్రేలాడదీయరాదని శాసనము చేసెను. దేవాలయములు మూయించుట యొక యెత్తు. మనుష్యుని వంటింటిలోనికి చేయి చాచుట మఱియొక యెత్తు. నేడు ఐరోపా అమెరికాలలో కొందఱు ఆ పూర్వదేవతలను మఱల దలచుకొని, గదిలో చిన్నబల్లమీద క్రొవ్వొత్తి, నీటిగిన్నె, ఒక రాయి, ఒక పక్షియీక అమర్చుకొనుచున్నారు. వారి తత్త్వమంతయు మాకు రుచింపదు. కాని ఆ బల్లమీది వస్తువుల పట్టిక చదివినపుడు, ఇది మనకు క్రొత్తది కాదే యనిపించినది.

మఱియొక సంగతి మనబోటి విద్యావంతులు తలపరు. ఇంటిలోని పటమును హేళన చేయుట మనకు తేలిక. ఏలయన గుడి తలుపు మన కెన్నడును మూసియుండలేదు. రవివర్మ 1894లో బొంబాయియందు రాతియచ్చు కార్ఖానా నెలకొల్పి లక్ష్మీసరస్వతుల పటములను వేలకొలది యచ్చువేయించెను. చెన్నరాజధానిలో దేవాలయప్రవేశపు చట్టములు వచ్చినవి 1939లోను 1947లోను. ఈ నడిమి కాలమంతయు, గర్భగుడిలోని దేవుని చూడనీయని వారికి, గోడమీది కాగితపు దేవత యొక్కతెయే అడ్డులేక కనబడినది. ఆ గుడిసెలోనికి పోయి ‘ఇది మౌఢ్యము’ అని చెప్పుటకు మన కేమి యధికారము? 1842లో హెయ్యరు దొరవారు గుంటూరు చేరినది మొదలు మా ప్రాంతమున ననేకుల గోడలమీద క్రీస్తు పటము వెలసినది. నేడు కొన్ని యిండ్లలో అంబేద్కరుగారి పటమునకు ఉదయముననే పూదండ వేసి పనికి పోవుచున్నారు. అదియు నొక గూడే. అది దైవపూజ కాదని వారందురు, నిజమే. కాని దండ వేయు చేయి ఆ క్షణమున తన్ను తాను నిటారుగ నిలుపుకొనుటను మేము చూచితిమి.

ఐనచో విగ్రహమునకును నిరాకారమునకును భేదమే లేదా యని మన సోదరు లడుగవచ్చును. కలదు. ఆ భేదము వస్తువులో కంటె వస్తువును పట్టుకొను తీరులో నున్నదని మా యభిప్రాయము. మా ప్రాంతమును పేరుగాంచజేసిన అమరావతీ శిల్పములలో బుద్ధుని పలుచోట్ల మనుష్యరూపమున చెక్కలేదు. ఖాళీ సింహాసనము, రెండు పాదముద్రలు, పైని బోధివృక్షము. చుట్టును చేతులు మోడ్చిన జనము. లేనిదానిని చూపుటకు ఎంత శ్రద్ధతో అమర్చిరి! మన మందిరములలో వేదికయు అట్టిదే. ఏమియు లేని చోటునుగూడ ఎవరో యొకరు ఊడ్చి యుంచవలెను గదా.

ఇక చిన్నదాని ప్రశ్న. మేమామెకు వ్రాసిన యుత్తరములోని సారమిది.

తూర్పో ఈశాన్యమో యని దిక్సూచి తెచ్చుకొనవద్దు. ఉదయపు వెలుగు పడు చోటు చూచుకొనుము. అంగడిలో దొరకు చెక్కమందిరమును, దానితోడి విద్యుద్దీపములను కొనవద్దు. ఆ దీపము నీవు ఊరికి పోయినను వెలుగుచునే యుండును. దానికి నీతో పనిలేదు. నూనెదీపమునకు నీవు లేనిదే గతిలేదు. ప్రతిదినమును మసి తుడువవలెను, ఒత్తి మార్చవలెను. ఒక గిన్నెలో నీరుంచి ప్రొద్దుటి నీరు ప్రొద్దుటనే మార్చుము. వస్తువులను పెంచవద్దు. వచ్చినవారు ఇచ్చిన బొమ్మలన్నియు చేర్చుకొన్నచో అది యల్మార యగును. నీ మనస్సును నిజముగా నిలుపునది యేదో ఒక్కటి యుంచుము: తాతముత్తాతలది కావచ్చును, చేనిమట్టి కావచ్చును. విగ్రహ ముంచవచ్చునా యనినచో, మేముంచము. నీకు నమ్మకమున్నచో ఉంచుకొనుము. మా మెప్పుకొఱకు తీసివేయవద్దు.

ఆ గదిని తుడుచుటకు వచ్చు పనిమనిషి ఆ మూలను తాకవచ్చునా యని నిన్ను నీవే యడుగుకొనుము. తాకరాదని యొక్కక్షణము తోచినను, మా తండ్రిగారి పెట్టె నీ గదికి వచ్చినదని తెలిసికొనుము. నెలసరి దినములలో దీపము పెట్టుట మానుదువా? అట్లయినచో ఎవరి గడప యది? ఇంకొక సంగతి. ఒకనాడు దీపము పెట్టుట మఱచి, ఆ దినమున పనిలో చిక్కు కలిగినచో, రెంటికిని ముడి పెట్టబోకుము. ఆ ముడి పడినట్లు తోచినచో వారము దినములు దీపము మానివేయుము. భయముతో వెలిగించుటకంటె చీకటిలో కూర్చుండుట మేలు.

విడుచుటను గూర్చి కూడ వ్రాసితిమి. మన పూజలన్నిటిలో మాకు మిక్కిలి ప్రియమైనది పసుపు గణపతి. దుగ్గిరాల సంతనుండి వచ్చిన పసుపే కానిమ్ము, నీళ్లతో కలిపి, వ్రేళ్లతో చిన్న గోపురముగ నొత్తి, తమలపాకుమీద బియ్యము పోసి నిలుపుదురు. ఆవాహనము చేసినంతట అది దేవుడు. పూజ ముగిసినంతట ‘నీ చోటికి నీవు పొమ్ము’ అని మంత్రము చెప్పి కొంచెము కదలింతురు; అంతట మఱల పసుపు. దానిని ఇల్లాలు మంగళసూత్రమునకు పూసికొనును, ముఖమునకు పూసికొనును. తన చేతితో చేసినదని తెలిసియే మ్రొక్కి, తెలిసియే విడుచు ఆ యాడువారిని ‘రాతిని దేవుడనుకొను మూఢులు’ అని మేము యౌవనమున ఉపన్యాసములలో నిందించితిమి. ఆ ఉపన్యాసములకు చప్పట్లు చరచినవారిలో నొక్కడైనను పసుపు గణపతిని చేసియెఱిగినవాడు లేడు.

చిన్నది మొన్న సెలవులకు ప్రత్తిపాడు వచ్చినది. చేనినుండి గుప్పెడు ప్రత్తి తెచ్చుకొని, వంటింటి నేలమీద కూర్చుండి గింజ తీసికొన్నది. ఒత్తి చేయుట రాలేదు. మా యింటి పనిమనిషి నేర్పినది. పోవుచు, గోడమీద వెలిసిపోయిన యా పసుపుమచ్చ యేమిటని యడుగగా చెప్పితిమి.

మా తల్లి పోయి పదునాలుగేండ్లైనది. ఈ నడుమ ఇంటికి రెండుమాఱులు వెల్ల వేయించితిమి. రెండుమాఱులును ఆ జానెడుచోటు విడిచి వేయుడని పనివారితో చెప్పితిమి. ఎందుకని వారడుగలేదు. వారిలో నొకడు తన నిచ్చెనను ఎత్తి, ఆ మచ్చకు తగులకుండ కొంచెము దూరముగా వేసికొనెను.