ఇద్దరు తల్లుల ఎదురుచూపు

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆయేషా మీరా హత్యకు గురైంది. దోషిని వెంటనే శిక్షించాలని మనమంతా అడిగాం. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో మహిళా కోర్టు శిక్ష వేసింది. ఈ అబ్బాయి కాదని ఆయేషా తల్లే చెబుతూ వచ్చింది. అప్పీలు తేలేసరికి 2017 మార్చి 31 అయింది. హైకోర్టు అతన్ని నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. జైల్లో గడిచిన ఎనిమిదేళ్ల పైచిలుకు యవ్వనానికి అదా వెల?

బయట ఇద్దరు తల్లులు ఎదురుచూశారు, ఒకరు కొడుకు కోసం, ఒకరు నిజం కోసం. మనం అడిగిన ‘వెంటనే’లో ‘ఎవరైనా సరే’ అన్నది కూడా దాగి ఉందా? కూతురి పేరున ఇంకొకరికి జరిగే అన్యాయాన్ని ఒప్పుకోని ఆ తల్లి దగ్గరే మనం న్యాయం గురించి నేర్చుకోవాలి.